అయ్యవారు పెట్టని సంతకం

మొన్న మధ్యాహ్నం స్టాఫ్‌రూములో అన్నాలు తింటుంటే లెక్కల సారు ఫోను తెచ్చి నా క్యారియరుకు ఆనించి నిలబెట్టారు. "చూడండి మేడం, ఇంక మీ పాత కారు ఎవరికైనా ఇచ్చేయొచ్చు" అన్నారు. ఫోనులో ఏదో దేశంలో ఒకాయన ఇంటి ముందు కారెక్కి, అలాగే గాల్లోకి లేచి, కింద ఆగిపోయిన బండ్ల మీదుగా పోయి ఆఫీసు డాబా మీద దిగాడు. టై కూడా నలగలేదు. "అయిదేళ్ళు మేడం, అంతే. కారు నడిపే ప్రతివాడూ దీన్ని నడిపేస్తాడు" అన్నారు సారు, దాన్ని తానే కనిపెట్టినంత ధీమాగా.

నా నోరు ఊరుకోదు. "అయ్యవారు సంతకం పెట్టారా?" అన్నాను.

"ఏ అయ్యవారు?" అని నలుగురూ నా వైపు చూశారు. అందరూ ఈమధ్య బదిలీ మీద వచ్చినవాళ్ళే. ఇందుకూరుపేట మండలంలో ఉద్యోగం చేస్తూ అయ్యవారెవరో తెలియనివాళ్ళు కూడా ఉంటారా అని నాకు ముందు కోపమొచ్చింది. తర్వాత దిగులేసింది. ఆయన పోయి ఏడాది కావస్తోంది మరి. అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాను.

మా నెల్లూరు వైపు బడిలో చదువు చెప్పేవాళ్ళను అయ్యవారు అంటారు. ఈయన బడి మెట్టు ఎక్కి పాఠం చెప్పినవారు కాదు. ఇందుకూరుపేట సెంటరులో సైకిలు షాపు పక్కన ఒక్క గది, ముందూ వెనకా ఎర్రటి 'ఎల్' రాసిన తెల్ల కారు, అందులో ఎడమ సీటు కింద ఆయన కోసం ఇంకో బ్రేకు. అదీ ఆయన బడి. ఊరంతా డ్రైవింగు అయ్యోరు అనేవాళ్ళు. ఆయనకూ ఒక పేరుంది, నాకు తెలుసు. ఆ పేరుతో ఒక్కసారి కూడా ఆయన్ను తలుచుకోలేదు కాబట్టి ఇక్కడా రాయను.

సన్నటి మనిషి. మోచేతుల దాకా మడిచిన తెల్లచొక్కా, భుజాన చిన్న తువ్వాలు. డ్రైవర్లందరికీ ఎండకు కుడి మోచెయ్యి నల్లబడుతుంది, ఆయనకు ఎడమది. ముప్పై ఏళ్ళుగా ఎవరో ఒకరి ఎడమ పక్కన కూర్చుని, ఆ చెయ్యి కిటికీ మీద పెట్టుకుని బతికారు. గొంతు పెంచేవారు కాదు. ఎంత తప్పు చేసినా "నిమ్మళంగా, నిమ్మళంగా" అనడమే. ఆ రెండు మాటలు వినగానే చెమటలు పట్టేవి నాకు.

ఆయన దగ్గర మొదటి వారం స్టీరింగు ముట్టుకోనిచ్చేవారు కాదు. వెనక సీట్లో కూర్చుని ఇంకొకరు నేర్చుకుంటుంటే చూడాలి. రెండో వారం బండి చుట్టూ తిరగాలి, వంగి కింద చూడాలి. మేకపిల్లలు, కోళ్ళు, కుక్కలు ఎండకు బండి కిందే పడుకుంటాయి గదా. "కింద ఏం పండుకోనుందో చూడకుండా పైకెక్కబాక" అనేవారు. ఎమ్మే బీఈడీ చదివి, ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నడిరోడ్డు మీద కారు కిందికి తొంగిచూడటం నాకు నామోషీగా ఉండేది. మూడో రోజు ముందు టైరు పక్కన నిజంగానే ఒక మేకపిల్ల కనిపించింది. ఆ తర్వాత నామోషీ పోయింది.

అసలు పాఠం కోతల కాలంలో ఉండేది. మా వైపు వరి కోతలైతే రోడ్డు సగం రైతులది. తారు మీద సగం వెడల్పున వడ్లు పోసి ఆరబెడతారు, అంచున రాళ్ళు పేరుస్తారు. మిగతా సగంలో బస్సులూ లారీలూ మనమూ పోవాలి. బయటినుంచి వచ్చినవాళ్ళు ఇదేం అన్యాయమని తిట్టుకుంటారు. అయ్యవారికి మాత్రం అంతకంటే మంచి బడి లేదు. వడ్ల అంచుకు జానెడు దూరంలో టైరు పోవాలి, ఒక్క గింజ నలగకూడదు, ఎదురుగా ట్రాక్టరు వస్తే ఎవరు ముందు ఆగాలో కళ్ళతోనే తేల్చుకోవాలి. టైరు వడ్ల మీదికి పోయిందా, ఎడమ సీటు కింది ఆయన బ్రేకు పడేది. డిక్కీలో ఎప్పుడూ ఒక చీపురుండేది.

నా టైరు వడ్ల మీదికి పోయింది. మామూలుగా కాదు, రెండు గజాల పొడుగున. సాలు తీసినట్టు తీశాను. వడ్లను కాళ్ళతో తిరగబెడుతున్న ముసలామె, "నీ చేతులు పడిపోను, కళ్ళు యాడ పెట్టుకోనుండావమ్మే!" అని మొదలుపెట్టింది. అయ్యవారు నిమ్మళంగా దిగి డిక్కీ తీశారు.

"నేనూడవాలా? అంతమంది చూస్తుంటే?" అన్నాను. బస్సు కోసం నిలబడ్డ మా తొమ్మిదో తరగతి ఆడపిల్లలు అక్కడే ఉన్నారు.

"తొక్కినప్పుడు కూడా చూసినారు గదమ్మా" అన్నారు.

"నేను చదువుకున్నదాన్ని. వాళ్ళ ముందు పరువు పోదూ?"

"నువ్వు ఎంత చదివింది వడ్లకు తెలవదు టీచరమ్మా. ఊడువు."

ఊడ్చాను. చెదిరిన వడ్లన్నీ రాశిలోకి చేర్చి, ఆ ముసలామెకు తప్పయిందని చెప్పాను. ఆమె అప్పటికి చల్లబడి, "పోనీలే, ఆడకూతురివి, బండి నేర్చుకుంటా ఉండావు, మంచిదే" అని నా బుగ్గకు అంటుకున్న పొట్టు తుడిచింది. తిరిగి కారెక్కాక నేను ఆయనతో ఇంటిదాకా మాట్లాడలేదు.  మర్నాడు పొద్దున్నే మళ్ళీ పోయి కూర్చున్నాను, ఎందుకో నాకే తెలియదు.

మిగతా డ్రైవింగు స్కూళ్ళలో చేరిన రోజే, బండి నడపడం వచ్చిందని లైసెన్సు కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చేస్తారని విన్నాను. ఈయన సంతకం కోసం మనుషులు నెలల తరబడి తిరిగేవారు. నన్ను మూడుసార్లు వెనక్కి పంపారు. తిట్టి కాదు. చేతిలోని పెన్ను మళ్ళీ జేబుకు పెట్టుకుని, "ఇంకా రాలేదమ్మా" అనేవారు, అంతే. బుచ్చిరెడ్డిపాలెం నుంచి వచ్చిన ఒక రైసుమిల్లు ఓనరు, కారు కొన్నాడు, పూజ చేయించాడు, దండ కూడా వాడిపోయింది, ఈయన మాత్రం సంతకం పెట్టలేదు. "వేరే చోట పెట్టించుకోనా?" అని ఆ ఓనరు బెదిరిస్తే, "పెట్టించుకోండి సామీ. నా పేరుతో మాత్రం రోడ్డెక్కబాకండి" అన్నారట. ఆ ఓనరు పోలేదు. ఇంకో నెల నేర్చుకున్నాడు. నాలుగోసారి నాకు సంతకం పడినప్పుడు నేను నెల్లూరు దాకా పాడుకుంటూ పోయాను. ఎమ్మే పట్టా చేతికొచ్చినప్పుడు కూడా అంత ఎగరలేదు.

ఆయన పోయిన రోజున వాళ్ళ వీధికి ఎన్ని బండ్లొచ్చాయో! కార్లు, ఆటోలు, ట్రాక్టర్లు, రొయ్యల వ్యాన్లు. అన్నీ ఒకే పక్కన, ఒకదాని వెనక ఒకటి, మధ్యలో అంబులెన్సు పట్టేంత దారి వదిలి నిలబెట్టారు. ఎవరూ చెప్పలేదు. ఎవరూ హారను కొట్టలేదు. ఆ వరస చివర నా కారు పెట్టి దిగినప్పుడు నాకు ఏడుపు కంటే ముందు గర్వం వచ్చింది.

ఇక ఎగిరే కార్ల సంగతి.

టీకొట్టు దగ్గర కుర్రాళ్ళు ఆయన్ను దీంతోనే ఆటపట్టించేవారు. "అయ్యోరా, ఎగిరే కార్లు వస్తా ఉండాయంట. ఇంక నీ ఎల్లు బోర్డు పీకెయ్యాల్సిందే" అని ఒకడంటే, ఆయన గ్లాసు ఊదుకుంటూ, "రానీ నాయనా, మంచిదే. నాకొక్క సందేహం తీర్చు. రోడ్డు మీద బండి ఆగిపోతే ఏం చేస్తావు?" అనేవారు.

"దిగి తోస్తా."

"పైన ఆగిపోతే?"

వాడు నోరు తెరిచేలోగా ఆయనే, "దిగేది మాత్రం దిగతావులే. తోసేదానికి నువ్వుండవు" అనేవారు. టీకొట్టంతా నవ్వు. ఇంకోసారి, "నేల మీద నాలుగు దిక్కులు చూసుకునేదానికే మనకు మెడ తిరగడంలా. అక్కడ పైనా కిందా కలిపి ఆరు. నీ అద్దాలు రెండే గదరా" అన్నారు. నిజంగానే ఆయన వాటి మీద చాలా ఆలోచించారు. ఉప్పుగాలికి మా ఊళ్ళో సైకిలు చైను ఆరునెలలు ఉండదు, ఆ ఫ్యాన్లకు తుప్పు పట్టకుండా ఎవరు చూస్తారు? వాయుగుండం వస్తే వాటినెక్కడ కడతారు? ఒకడికి దారి ఇవ్వాలంటే పక్కకు జరగాలా, కిందికి జరగాలా? ఆ సందేహాలు విని అందరూ ఆయనకు ఎగరడమంటే గిట్టదనుకునేవారు.

నాకు తెలుసు గిట్టకపోవడం కాదని. ఒకసారి కారు కాగితాల కోసం డాష్‌బోర్డు సొరుగు తెరిస్తే లోపల పేపరు ముక్కలు, అన్నీ ఎగిరే బండ్ల బొమ్మలే, మడతలు నలగకుండా ఒక ప్లాస్టిక్ కవర్లో దాచినవి. నేను చూశానని తెలిసి చిన్నపిల్లాడిలా సిగ్గుపడ్డారు. శ్రీహరికోట నుంచి రాకెట్టు పోయే రోజున పాఠం ఎక్కడున్నా ఆపేసి అందరినీ కిందికి దింపేవారు. దక్షిణంగా ఆ నిప్పుచుక్క లేచి మబ్బులోకి పోయేదాకా తువ్వాలు చేత్తో పట్టుకుని నిలబడేవారు. అలాంటి ఒక రోజునే నాతో అన్నారు, "నేను విమానమెక్కింది లేదు టీచరమ్మా. నాకు దేశాలొద్దు. మన పెన్న సముద్రంలో కలిసే చోటుండాది చూడు, అది ఒక్కసారి పైనుంచి చూడాల. ఆడ మంచినీళ్ళ రంగూ ఉప్పునీళ్ళ రంగూ వేరేగా కనపడతాయంట. నా చిన్నప్పటినుంచి అదే కోరిక." ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆ కోరిక తీరే రోజు నిజంగానే వచ్చింది.

మైపాడు దారిలో రొయ్యల గుంటలున్న ఆసామి ఒకాయన ఉన్నాడు. ఆయనా అయ్యవారి శిష్యుడే. మద్రాసు నుంచి ఒక కంపెనీవాళ్ళను పట్టుకొచ్చాడు. ఇద్దరు కూర్చునే బండి, చుట్టూ ఎనిమిది ఫ్యాన్లు, అనుమతులన్నీ తెచ్చుకున్నారట. తన గుంటల పక్కన ఖాళీ మైదానంలో దాన్ని ఎగరేసి చూపిస్తారు. కంపెనీ మేనేజరు చెప్పేదేమిటంటే, దీనికి పైలట్లు అక్కర్లేదు, కారు లైసెన్సున్న ఎవరైనా రెండు రోజుల్లో నేర్చుకోవచ్చు. ఆ మాట జనం నమ్మాలంటే అందరికీ తెలిసిన మామూలు డ్రైవరు ఒకరు దాన్ని నడపాలి, నడిపి "నేనే సాక్షి" అని సంతకం పెట్టాలి. ఈ తీరంలో సంతకం అంటే ఎవరి సంతకం? ఆసామి నేరుగా అయ్యవారి ఇంటికి పోయాడు. "అయ్యోరా, నువ్వు తోలితే చాలు. ఎగిరే బండికి కూడా నువ్వే అయ్యోరివి. పెన్నను కూడా చూడచ్చు" అన్నాడు.

ఆయన ఒప్పుకున్నారు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి స్కూలుకు రెండు రోజులు తాళం వేశారు. పక్క సీట్లో ఎవరిని కూర్చోబెట్టుకుంటారని అడిగితే నా పేరు చెప్పారట. నాకు కబురందగానే భయమేసింది, ఆ వెంటనే అప్పటి స్టాఫ్‌రూములో అందరికీ చెప్పేశాను. ఇంత శిష్యగణంలో నన్నే అన్నారంటే ఎచ్చులు చెప్పుకోకుండా ఎలా ఉండటం?

ఆ రెండు రోజులూ ఒక రేకుల షెడ్డులో, బండి నిజంగా ఎగురుతున్నట్టే చూపించే తెర ముందు కూర్చుని నేర్చుకున్నారు. నేర్పింది ఒక మద్రాసు అమ్మాయి, పాతికేళ్ళుంటాయేమో, అసలు పైలటు. మూడో రోజు పొద్దున ఆయన్ను మైదానానికి నా కారులోనే తీసుకుపోయాను. దారిలో ఆయనే చెప్పారు.

"ఆ పిల్ల బంగారం టీచరమ్మా. బాగా చెప్పింది. లేపేది వచ్చేసింది, తిప్పేది వచ్చేసింది. ఎటొచ్చీ, ఉన్నట్టుండి దించాల్సొస్తే దించేది..."

"వచ్చింది కదా?"

"తెర మీది గుంటల్లో దారాలు లేవు. మన గుంటల మీద పక్షులు రాకుండా దారాలు కడతారు గదా, పైనుంచి చూస్తే కానరావు. అడిగితే, ఏం దారాలు అంకుల్ అనింది ఆ పిల్ల. పాపం, తెలవదు. నిన్న మధ్యాహ్నానికి వాటిని కూడా తెరలోకి ఎక్కించింది. అప్పుడు పదిసార్లు దించినా. ఏడుసార్లు గట్టు మీద దించినా, మూడుసార్లు గుంటలో పడినా."

"పదికి ఏడంటే ఫస్టు క్లాసు అయ్యవారూ!" అన్నాను. మా పిల్లలకు మార్కులు వేసే బుద్ధి. "అయినా అంతా కంప్యూటరే చూసుకుంటుందట గదా."

"అదే అడిగినా. కంప్యూటరు చూసుకుంటే నేనెందుకమ్మా లోపల అని. ఎమర్జెన్సీకి అంకుల్ అనింది." కిటికీలోంచి చెయ్యి చాచి గాలి ఎటునుంచి ఉందో చూసుకున్నారు.

మైదానం దగ్గర తిరునాళ్ళంత జనం. షామియానా, మైకు, కెమెరాలు. ఇస్త్రీ చొక్కాలో అయ్యవారిని చూసి జనం ఈలలు వేశారు. బండి తెల్లగా, మా కారు కంటే చిన్నగా, ఫ్యాన్ల కర్రలు చాచుకుని నిలబడి ఉంది. దాని ముందు మైదానం దాటితే రోడ్డు, రోడ్డు సగం వడ్లు, వడ్లలో నలుగురు ఆడవాళ్ళు. ఆ తర్వాత వరసగా గుంటలు, ఆ పైన సముద్రం. బండి పోయే దారి వాళ్ళందరి మీదుగానే. అప్పటిదాకా పడమటి నుంచి ఉన్న గాలి అప్పుడే తిరిగి సముద్రం వైపు నుంచి మొదలవుతోంది.

ఆయన బండి చుట్టూ ఒకసారి నడిచి ఎక్కారు. నేను పక్కన ఎక్కాను. అమ్మాయి మా ఇద్దరికీ బెల్టులు బిగించి, "సూపర్ అంకుల్, భయం లేదు" అని నవ్వి దిగిపోయింది. తలుపు మూసుకుంది. ఆయన చెయ్యి స్టీరింగుకు బదులుండే చిన్న కర్ర మీద ఉంది. నేను కళ్ళు మూసుకుని నాకు తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను. ఎంతసేపటికీ ఫ్యాన్ల శబ్దం రాలేదు. కళ్ళు తెరిచి చూస్తే ఆయన నన్ను చూస్తున్నారు. తర్వాత రోడ్డు మీది ఆడవాళ్ళను చూశారు. మళ్ళీ నన్ను. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. కర్ర మీద నుంచి చెయ్యి తీసి బెల్టు విప్పుకున్నారు.

"నువ్వు కూడా దిగమ్మా" అన్నారు.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది సార్? టెక్నికల్ ప్రాబ్లమా?"

"బండికేం లేదు సామీ. నాకు రాలేదు" అన్నారు అయ్యవారు. జనానికి వినపడలేదు. మైకు అడిగి తీసుకున్నారు. "బండి బాగుండాది. నాకే ఇంకా తోలేది రాలేదు. రెండు రోజులు చాల్లేదు. నన్ను చూసేదానికి ఎండలో వచ్చి నిలబడినారు, తప్పయింది" అని చెప్పి, మైకు జాగ్రత్తగా బల్ల మీద పెట్టారు.

 తర్వాత వెనక నుంచి ఎవడో, "అయ్యోరు భయపడినాడురోయ్!" అని అరిచాడు. నవ్వులు. ఈల. నాకు ఒళ్ళు మండి ఆ అరిచినవాడి కోసం జనంలోకి పోబోయాను. అయ్యవారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. "వాడు చెప్పింది అబద్ధం కాదులేమ్మా. భయపడినా" అన్నారు.

ఆ తర్వాత బండిని ఆ అమ్మాయే నడిపింది, పక్కన ఆసామిని కూర్చోబెట్టుకుని. ఉన్నమాట చెప్పాలి, అద్భుతంగా ఎగిరింది. గాలికి ఒకసారి పక్కకు ఒరిగి, మళ్ళీ సర్దుకుని, తాటితోపుకు రెండింతల ఎత్తున ఉత్తరంగా పోయి, పావుగంటలో తిరిగొచ్చి గీసిన గీతలో దిగింది. జనం గంతులేశారు. అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది అయ్యవారు. "చూసినావా, గాలి తోస్తే ఎట్టా సర్దిందో! అదమ్మా డ్రైవింగు. అది ఆ పిల్లకొచ్చు, నాకు రాదు" అని నాకు చూపించారు, తన శిష్యురాలే నెగ్గినంత సంబరంగా.

ఆసామి దిగుతూనే, "అయ్యోరా, పెన్న కనపడింది! అబ్బా, ఏముందనుకున్నావు!" అన్నాడు. అయ్యవారు అడిగారు, "నీళ్ళు రెండు రంగులుగా ఉండాయా?" అని. "అది చూళ్ళేదే" అన్నాడు ఆసామి.

అప్పుడొచ్చాడు మేనేజరు, చేతిలో కాగితంతో. ఇప్పుడు మొహంలో చిరాకు లేదు, తేనె. "సార్, ఒక చిన్న ఏర్పాటు. మీరు నడపొద్దు. మా పైలట్ నడుపుతుంది, మీరు పక్కన కూర్చోండి. నది దాకా తీసుకెళ్తాం, మీకు కావలసినంతసేపు చూపిస్తాం. దీని మీద మాత్రం ఒక సంతకం పెట్టేయండి."

కాగితం నేనూ చదివాను. కారు లైసెన్సు ఉన్న సామాన్య డ్రైవరు ఎవరైనా రెండు రోజుల శిక్షణతో ఈ బండిని సురక్షితంగా నడపగలడని, అది తాను స్వయంగా చూసి చెబుతున్నానని ఉంది. కింద ఆయన పేరు అప్పటికే అచ్చు వేసి ఉంది.

అయ్యవారు ఆకాశం వైపు చూశారు. ఉత్తరంగా, పెన్న వైపు. నాకు ఆ చూపు తెలుసు. రాకెట్టు పోయేటప్పటి చూపు. నేనేం మంచిదాన్ని కాదు, నిజం చెబుతున్నాను. ఆ నిమిషంలో నా మనసులో, పెట్టెయ్యండి అయ్యవారూ, ఎవడు చదువుతాడు ఆ కాగితం, అరవై దాటిన మనిషి మీరు, ఒక్కసారి చూసిరండి అనే ఉంది. నోటిదాకా వచ్చింది కూడా.

"ఈ మాట కింద నా పేరు చూస్తే మావూరి పిలకాయలు ఎక్కతారు సామీ" అన్నారాయన. "నేను చెప్పినా గదా అని ఎక్కతారు. వాళ్ళకు రాదు. నాకే రాలేదు." కాగితాన్ని మడత పడకుండా రెండు చేతులతో తిరిగి ఇచ్చారు. "ఆ పిల్ల నేర్చుకున్నన్నాళ్ళు నేర్పీండి. వాళ్ళకు కూడా వస్తాది. అప్పుడు తీసకరాండి, బతికుంటే పెడతా."

"అయితే రైడ్ ఉండదు సార్" అన్నాడు మేనేజరు.

"తెలుసు" అన్నారు.

ఆ అమ్మాయి దూరం నుంచి అంతా వింటూనే ఉంది. వచ్చి ఆయన కాళ్ళకు దండం పెట్టింది. మేనేజరు చూస్తుండగానే పెట్టింది.

ఆ కంపెనీ తర్వాత ఏమైందో నాకు తెలియదు. ఎగిరే బండ్లు రావని కూడా నేననను. వస్తాయి, మన పిల్లలు తోలుతారు, వాటికీ ఎక్కడో ఒక అయ్యవారు పుడతారు. కానీ నా బతుకులో నేను చూసిన పెద్ద విషయం ఆకాశంలో జరగలేదు. ఆ మైదానంలో, కాగితం వెనక్కిచ్చిన ఆ చేతుల్లో జరిగింది. ఆయన దగ్గర నేర్చుకున్నానని చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ ఛాతీ పొంగుతుంది.

తిరిగొచ్చేటప్పుడు ఆయన నా పక్కన కూర్చున్నారు. నేను ఊరుకున్నానా? మేనేజర్ని తిట్టాను, అరిచినవాణ్ణి తిట్టాను, ఆసామినీ కలిపి తిట్టాను. "ముందుకు చూసి తోలమ్మా" అన్నారు ఒకసారి. కొంతసేపు గుంటల మీది దారాలను చూస్తున్నట్టున్నారు. వడ్లు పోసిన చోట రోడ్డు సగమైంది, ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తే ఆగి దారిచ్చాను, మళ్ళీ కదిలాను. "ఏమంటారు అయ్యవారూ?" అన్నాను. 

తల తిప్పి చూస్తే నిద్రపోతున్నారు. మెడ ఒక పక్కకు వాలి, నోరు రవ్వంత తెరుచుకుని, సన్నటి గురకతో, పసిపిల్లలు పోయే నిద్ర. నా కారులో ఎడమ పక్క బ్రేకు లేదు. ముప్పై ఏళ్ళలో ఏ శిష్యుడి పక్కనైనా ఆయన కునుకు తీశారని ఎవరూ చెప్పగా నేను వినలేదు, ఆ తర్వాత ఎంతమందిని అడిగినా లేదనే అన్నారు. నేను నోరు మూసుకుని, గుంతలు తప్పిస్తూ, నిమ్మళంగా పోనిచ్చాను. ఇందుకూరుపేట వచ్చింది, ఆయన ఇంటి మలుపూ వచ్చింది. బ్రేకు వేస్తే లేస్తారని ఆపకుండా నెల్లూరు వైపు పోనిచ్చాను.